ఇష్టమైన పనికి కూలి

1968 మార్చి 1 రాత్రి 'స్టార్ ట్రెక్' ఎపిసోడ్ అయిపోగానే ఎన్‌బీసీ ఒక ప్రకటన వినిపించింది: ఈ కార్యక్రమం ఆగిపోవడం లేదు, కొనసాగుతుంది. ఒక సీరియల్ కొనసాగుతుందని టీవీ సంస్థ పనిగట్టుకుని ప్రేక్షకులకు చెప్పుకోవడం అప్పటికి వింతే. ఆ చలికాలంలో లక్షకు పైగా ఉత్తరాలు వచ్చాయని ఆ సంస్థే లెక్క చెప్పింది. ఆ ఉద్యమాన్ని భర్త జాన్‌తో కలిసి నడిపించింది బీజో ట్రింబుల్. ఉత్తరం ఎవరికి రాయాలి, ఎలా రాయాలి, కవరు మీద సీరియల్ పేరు ఎందుకు రాయకూడదు, ఇవన్నీ సైక్లోస్టైల్ చేసి ఊరూరా పంపిన మనిషి. జీతం లేదు. తెరమీద పేరు అసలే లేదు.

ఈ కథని అభిమానుల విజయగాథగా చాలామంది రాశారు. ఉత్తరాల వల్ల వచ్చిన మూడో సీజన్ వల్లే మొత్తం 79 ఎపిసోడ్లయ్యాయి. అన్ని ఎపిసోడ్లు ఉన్నాయి కనుకే స్థానిక స్టేషన్లు దాన్ని కొనుక్కుని రోజూ తిప్పి తిప్పి వెయ్యగలిగాయి. అసలు లాభం అక్కడ పుట్టింది. కానీ ఆనాటి ఒప్పందాల ప్రకారం కొన్ని పునఃప్రసారాల తరువాత రచయితలకీ నటులకీ రావలసిన చెల్లింపులు ఆగిపోయేవి. అంటే ఆడవాళ్లు వంటింటి బల్లల మీద కూర్చుని ఉత్తరాలు రాసి బతికించిన సీరియల్ డబ్బు చేసింది, ఆ డబ్బు మాత్రం ఆ ఉత్తరాలు రాసిన వాళ్లకీ ఆ కథలు రాసిన వాళ్లకీ కూడా చేరలేదు. అభిమాని, రచయిత ఇద్దరూ ఒకే గట్టున ఉన్నారని నాకనిపించడం ఇక్కడే మొదలవుతుంది. ఆ తరువాత వాళ్ల మధ్య పేచీ కూడా ఉంది. దాని సంగతి తరువాత.

ఆ కథలు రాసిన వాళ్లలో డి.సి. ఫాంటానా ఒకరు. డొరొతీ కేథరిన్. జీన్ రాడెన్‌బెరీ దగ్గర సెక్రటరీగా చేరింది. 1966లోనే, ఇంకా ముప్ఫై నిండకముందే, ఆ సీరియల్‌కి స్టోరీ ఎడిటర్ అయింది. స్పాక్‌కి తల్లినీ తండ్రినీ ఇచ్చి తెరమీదకి తెచ్చింది ఆమే. తరువాత ఎందరో అభిమాన రచయిత్రులు అల్లిన వందల కథలకి ఆ తల్లీ కొడుకుల మౌనమే మూలం. ఆడపేరుతో పంపిన స్క్రిప్టుని చదవకుండానే పక్కన పెడతారని తెలిసి పొడి అక్షరాల వెనక నిలబడిన మనిషి ఆమె. (మన దగ్గర డెబ్భైల్లో వారపత్రికల మోజు చూసి మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకున్నారు కదా. పేరు మార్చుకోవలసిన అవసరం ఎవరికి ఎప్పుడు వస్తుందో చూస్తే మార్కెట్టు ఎటు ఉందో తెలుస్తుంది.) ఎనభైల చివర 'ద నెక్స్ట్ జెనరేషన్' మొదలైనప్పుడు ఫాంటానా మళ్లీ వచ్చింది. మొదటి సీజన్‌లోనే వెళ్లిపోయింది. తనచేత స్టోరీ ఎడిటర్ పని చేయించుకుని జీతం ఇవ్వలేదని రైటర్స్ గిల్డ్‌కి ఫిర్యాదు చేసింది. అది రాజీతో ముగిసింది. సమానత్వం నిండిన భవిష్యత్తును చూపిన సీరియల్ అది. అదే సీరియల్ మొదటి రూపానికి అలెగ్జాండర్ కరేజ్ సంగీతం కడితే, తెరమీద ఎన్నడూ పాడని మాటలు దానికి రాసి రాయల్టీలో సగం తీసుకున్నాడు రాడెన్‌బెరీ. ఆదర్శం ఒక పక్క, పద్దుపుస్తకం ఇంకో పక్క.

ఈ సీరియళ్లు తమ రచయితల బతుకు గురించి తామే మాట్లాడిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిని కథలుగా చదవాలి.

'డీప్ స్పేస్ నైన్'లో 1998లో వచ్చిన 'ఫార్ బియాండ్ ద స్టార్స్' అందరికీ తెలిసిందే. 1953 న్యూయార్క్. ఒక చవక సైన్స్ ఫిక్షన్ పత్రిక ఆఫీసు. బెన్నీ రస్సెల్ అనే నల్లజాతి రచయిత, నల్లజాతి కెప్టెన్ ఉన్న అంతరిక్ష కేంద్రం కథ రాస్తాడు. ఆ నెల సంచిక మొత్తాన్ని యజమాని గుజ్జు చేయించేస్తాడు, బెన్నీ ఉద్యోగం పోతుంది. అదే గదిలో కే ఈటన్ ఉంది. ఆమె కె.సి. హంటర్ పేరుతో రాస్తుంది. పాఠకుల కోసం రచయితల ఫోటో తీసేరోజు ఆలస్యంగా లేవండని సంపాదకుడు బెన్నీకి సూచిస్తాడు, కేకి కూడా. ఆ ఎపిసోడ్ బెన్నీ కథ, అలా కావడమే న్యాయం. అయినా కే అవమానం ఒక చమత్కారంగా వచ్చి వెళ్లిపోతుంది, ఆమె నవ్వి ఊరుకుంటుంది. బెన్నీకి కుప్పకూలిపోయే హక్కు దొరికింది, కేకి పెదవి విరిచే హక్కు మాత్రమే. ఈ పాత్రకి మూలం సి.ఎల్. మూర్ అంటారు. ముప్ఫైల్లో మూర్ పొడి అక్షరాలు వాడింది ఆడదాన్నని దాచడానికి కాదనీ, కథల మీద ఇంకో ఆదాయం ఉందని తెలిస్తే తాను పనిచేస్తున్న బ్యాంకు ఉద్యోగం పోతుందన్న భయంతోననీ ఆమే చెప్పుకుంది. ఆర్థిక మాంద్యం రోజులు. మనం అస్తిత్వ సమస్యగా చదువుతున్నదాంట్లో కూడు సమస్య కూడా ఉంది. ఎపిసోడ్ రాసినవాళ్లకి ఇది తట్టలేదు.

రెండేళ్ల ముందు, 1996లో, అదే సీరియల్‌లో 'బార్ అసోసియేషన్' వచ్చింది. బార్బరా లీ, జెనిఫర్ లీ ఇచ్చిన కథ. క్వార్క్ బారులో పనివాళ్లు యూనియన్ పెడతారు, సమ్మె కడతారు. హాస్యం బాగుంటుంది. ముగింపు చూడండి: కోరికలన్నీ ఒప్పుకుంటాను, కానీ యూనియన్ రద్దయినట్టు పైకి కనబడాలి అంటాడు యజమాని. అలాగే జరుగుతుంది. హక్కు దొరికింది, సంఘం పోయింది.

ఇంకా లోతైనది 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా'లోని 'డర్టీ హ్యాండ్స్'. 2007 ఫిబ్రవరిలో ప్రసారమయింది. ఏన్ కోఫెల్ సాండర్స్, జేన్ ఎస్పెన్సన్ అనే ఇద్దరు రచయిత్రులు రాశారు. మానవజాతిలో మిగిలినవాళ్లు కొన్ని ఓడల్లో పారిపోతున్నారు. ఇంధనం శుద్ధిచేసే ఓడలో పనివాళ్లకి సెలవు లేదు, పిల్లలు కూడా యంత్రాల మధ్య పనిచేస్తున్నారు, తండ్రి పనే కొడుక్కి వస్తోంది. ఏ గ్రహం నుంచి వచ్చావన్నదాన్ని బట్టి నీ చేతికి మట్టి అంటాలా వద్దా అన్నది ఖాయమవుతోంది. ఇది చూస్తూ కులం గుర్తురాని తెలుగు పాఠకురాలు ఉంటుందనుకోను. జైల్లో ఉన్న బాల్టర్ ఈ విషయం మీదే రాస్తుంటాడు. ఆ కాగితాలు దొంగచాటుగా బయటికి వచ్చి చేతులు మారుతుంటాయి. పల్లెటూరి యాసని పట్టుబట్టి వదిలించుకున్నవాడు, అవసరం వచ్చినప్పుడు ఆ యాసని మళ్లీ నోట పలికించి చూపిస్తాడు. యాస ఎంత ఖరీదైన వస్తువో మనకి చెప్పనక్కరలేదు.

టైరల్ నాయకత్వంలో సమ్మె మొదలవుతుంది. అడ్మిరల్ అడామా దాన్ని ఎలా విరుస్తాడు? టైరల్ భార్య కాలీని గోడకి నిలబెట్టి కాల్పిస్తానంటాడు. టైరల్ సమ్మె ఆపేస్తాడు. వెంటనే అదే అడామా అతన్ని అధ్యక్షురాలు లారా రోస్లిన్ దగ్గరికి చర్చలకి పంపుతాడు, ఆమె మర్యాదగా కూర్చోబెట్టి యూనియన్‌కి ఒప్పుకుంటుంది. రోస్లిన్ ఒకప్పుడు బడిపంతులమ్మ. వెనకటి సీజన్‌లో, సమ్మె చేస్తున్న టీచర్లతో మంత్రిగా మాట్లాడి పరిష్కారం తెచ్చినందుకు ఆమె పదవికే ఎసరు వచ్చింది. ఆ జ్ఞాపకం ఈ ఎపిసోడ్‌లో ఆమెకి రానేలేదు. ఇది రచయిత్రులు రాసిన ఎపిసోడ్, బాగా రాశారు, పనివాళ్ల అలసటని ఇంత దగ్గరగా చూపిన సైన్స్ ఫిక్షన్ టీవీ అరుదు. అయినా నన్ను ఒక విషయం వదలడం లేదు. కాలీ కూడా అదే డెక్ మీద పనిచేసే మెకానిక్కు. సమ్మెలో ఆమె భాగస్వామి కాదు, తాకట్టు వస్తువు. చర్చల బల్ల దగ్గరికి ఆమెని ఎవరూ పిలవలేదు. పైగా ఇక్కడ కూడా హక్కు గెలుచుకున్నట్టుగా రాదు, పైనుంచి దయగా దిగుతుంది.

ఎనిమిది నెలలు తిరిగేసరికి రాసిన చేతులే ప్లకార్డులు పట్టుకున్నాయి. 2007 నవంబర్ 5న రైటర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా సమ్మె మొదలయింది, 2008 ఫిబ్రవరి 12న ముగిసింది, వంద రోజులు. అప్పటికి ఒక డీవీడీ అమ్మితే రచయితకి దక్కేది దాదాపు నాలుగు సెంట్లు. దాన్ని రెట్టింపు చెయ్యమన్న కోరికని గిల్డ్ చివరికి వదులుకుంది. పట్టుబట్టింది ఇంటర్నెట్ మీద. దానికి నిప్పు రాజేసిన సంగతుల్లో 'గెలాక్టికా'దే ఒకటి. 2006లో ఆ సీరియల్‌కి పది చిన్న ఎపిసోడ్లు ఇంటర్నెట్ కోసం తీశారు. ఇవి కథలు కావు, ప్రచారం కింద లెక్క, కాబట్టి రచయితలకి పేరూ అదనపు చెల్లింపూ ఉండవంది ఎన్‌బీసీ యూనివర్సల్. నిర్మాత రొనాల్డ్ మూర్ అడ్డం తిరిగాడు. గొడవ కార్మిక బోర్డు దాకా వెళ్లింది. మూర్ అభిమానిగా మొదలైనవాడే. 'నెక్స్ట్ జెనరేషన్' వాళ్లు బయటివాళ్ల స్క్రిప్టులు చదివేవారు కనుక తలుపు దొరికింది. ఎస్పెన్సన్ చదువుకునే రోజుల్లో ఆ తలుపే తట్టింది.

సమ్మెలో అభిమానులు చేసింది తక్కువ కాదు. స్టూడియోల ముందు తిరిగేవాళ్లకి తిండి పంపారు, నిర్మాణ సంస్థల అధిపతులకి పెన్సిళ్లు పెట్టెల కొద్దీ పంపారు. 2007 డిసెంబర్‌లో జాస్ వీడన్ సీరియళ్ల అభిమానులు ఎక్కడెక్కడినుంచో వచ్చి ఫాక్స్ స్టూడియో ముందు రచయితలతో కలిసి నడిచారు. తమ ఇష్టమైన సీరియల్ మధ్యలో ఆగిపోతుందని తెలిసి కూడా వచ్చారు. వినియోగదారుడు అన్న మాట వాళ్లకి సరిపోదు.

ఇక పేచీ. 'ప్రచారం' అన్న మాటతోనే కదా సంస్థ రచయిత నోరు కొట్టింది. మరి అభిమానులు నలభై ఏళ్లుగా చేస్తున్నది ఏమిటి? జీతం లేని ప్రచారమే. 1967లో మొదటి స్టార్ ట్రెక్ అభిమాన పత్రిక 'స్పాకనాలియా' వేసిన ఇద్దరూ ఆడవాళ్లే. తరువాత దశాబ్దాల్లో రాసి, టైపు కొట్టి, అచ్చు వేసి, తపాలా ఖర్చులు మాత్రమే రాబట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. లాభం తీసుకోకపోవడం వాళ్లకి కాపీరైటు భయమూ, అదే సమయంలో నీతీ. 1975లో సిల్వియా ఫెడరీచీ 'వేజెస్ ఎగెనెస్ట్ హౌస్‌వర్క్' రాసింది. ఇంటిపనిని ప్రేమ అని పిలిచి జీతం లేని పనిగా ఎలా నిలబెట్టారో విప్పి చూపింది. ఆ వాదాన్ని అభిమాన రచనకి నేరుగా అంటించలేం. ఇంటిపనికి తప్పించుకునే దారి లేదు, ఈ రచన ఇష్టంగా ఎంచుకున్నది, ఇంటిపని అయ్యాక మిగిలిన గంటలో చేసుకున్నది. కానీ ఎవరికి ఉపయోగపడుతోందన్న ప్రశ్న మాత్రం రెండింటికీ ఒకటే. 2007లోనే ఫ్యాన్‌లిబ్ అనే కంపెనీ ఆ కథల్ని పోగుచేసి వ్యాపారం చెయ్యబోయింది. రాసినవాళ్లకి కోపం వచ్చింది. వాళ్లు అదే ఏడాది ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకుని సొంత ఆర్కైవ్ కట్టుకున్నారు. 2019లో దానికి హ్యూగో అవార్డు వచ్చింది. మా పని అమ్మకానికి లేదన్నారు. ఆ నిర్ణయం నాకు గౌరవనీయమే, కానీ అమ్మకానికి లేనిదాన్ని ఊరికే తీసుకుపోరన్న హామీ అందులో లేదు.

2023లో గిల్డ్ మళ్లీ సమ్మెకి దిగింది, మే 2 నుంచి సెప్టెంబర్ 27 దాకా, 148 రోజులు. ఈసారి బల్లమీద కృత్రిమ మేధ కూడా ఉంది. యంత్రం రాసినదాన్ని రచనగా లెక్కించకూడదు, రచయిత పారితోషికం తగ్గించడానికి దాన్ని వాడకూడదు అన్న షరతులు ఒప్పందంలోకి వచ్చాయి. ఇవి గిల్డ్ సభ్యులకి వర్తించే షరతులు. అదే ఏడాది మే నెలలో ఆర్కైవ్ నడిపే సంస్థ తన రచయిత్రులకి ఒక వివరణ ఇచ్చుకుంది. భాషా యంత్రాలకి మేతగా వాడే కామన్ క్రాల్ అనే పెద్ద పోగు కోసం ఆర్కైవ్‌లోని కథల్ని తోడుకున్నారని 2022 డిసెంబర్‌లో తెలిసింది, ఇకమీదట తీసుకోవద్దని కోరే కోడ్ అప్పుడే పెట్టాం అని. అంతకు ముందు తీసుకున్నవి తీసుకున్నట్టే ఉన్నాయి. రేపు స్టూడియో ఒక రచయిత్రితో బేరమాడుతూ యంత్రాన్ని చూపించి ధర తగ్గించబోతే, ఆ యంత్రం మేసిన దాంట్లో స్పాక్ తల్లి గురించి ఎవరో ఒకామె రాత్రి పూట ఊరికే రాసిన కథ కూడా ఉండొచ్చు. ఆమెకి గిల్డ్ లేదు.