తేడా ఎటు తోయాలి?

పాతింటికి వెనక ఒక గది కలుపుదామనుకున్న ఇంటాయనకి డబ్బు చిక్కులకంటే ముందు టేపు చిక్కులు మొదలవుతాయి. తాపీమేస్త్రీ 14 అడుగులంటే అది గోడల లోపలి కొలత, అదీ పూత పూయకముందు. ట్రస్సులు చేసే వెల్డింగు షాపతనికి కావలసింది బయటి కొలత. వడ్రంగి గోడ మధ్య నుంచి మధ్యకి లెక్కేస్తాడు. ముగ్గురి నోటా 14 అనే మాటే వస్తుంది, ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పరు.

కోనసీమలో మా పెద్దమ్మగారిల్లు తాటి దూలాల మీద బంగాళా పెంకు కప్పిన ఇల్లు. దాన్ని పడగొట్టి డాబా వేయమన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పెద్దమ్మ వినలేదు, నాకైతే సంతోషమే. హైదరాబాదు నుంచి మా అన్నయ్య కంప్యూటర్లో గీసి పంపిన ప్లానులో కొత్త గది 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. కాగితం మీద నాలుగు మూలలూ ముచ్చటగా ఉన్నాయి. గోడలు లేచాక చూస్తే పాతింటి వైపు వెడల్పు 13 అడుగుల 8 అంగుళాలు, అవతలి చివర 14 అడుగుల 2 అంగుళాలు! తూర్పు గోడ మూలమట్టానికే ఉంది. పడమటి గోడకి మాత్రం మేస్త్రీ పశువుల పాకని చూసుకుని దారం లాగాడు. ఆ పాక ఎప్పుడు ఎవరు కట్టారో, అది ఎటు చూస్తోందో దేవుడికే ఎరుక. పునాది దగ్గరే ఎదురెదురు మూలలకి టేపు పట్టి ఉంటే రెండు నిమిషాల్లో బయటపడేది.

అప్పటికి షాపులో ఐదు ట్రస్సులూ తయారైపోయాయి. 14 అడుగులకి రెండు వైపులా తొమ్మిదంగుళాల గోడ కలిపి, బయటికి 15 అడుగుల 6 అంగుళాల చొప్పున, ఐదూ ఒకే సైజు. ఒక చివర నాలుగంగుళాలు ఎక్కువ, రెండో చివర రెండంగుళాలు తక్కువ.

అన్నయ్య ఫోన్లో ఉపాయం చెప్పాడు. ట్రస్సులు విప్పి ఎక్కడి వెడల్పుకి తగ్గట్టు అక్కడ మళ్ళీ చేయిస్తే, తేడా తలా కాస్తా పంచుకున్నట్టు అవుతుందని. వినడానికి న్యాయంగానే ఉంది. పెద్ద వడ్రంగి ఒప్పుకోలేదు. "ఆయ్, పంచితే అన్నిచోట్లా కారుద్దండి బాబూ. ఓ పక్కకి తోసేద్దామండి" అన్నాడు.

ఆయన మాటలో లెక్క ఉంది. ఆ కప్పు వాలు రెండడుగులకి ఒక అడుగు. ఒక చివర వెడల్పు ఆరంగుళాలు పెరిగితే అక్కడ కొప్పు అంగుళంన్నర పైకి లేస్తుంది, ఒక్కో పక్క వాలు మూడంగుళాల పైచిలుకు పొడుగవుతుంది. కొప్పు ఏటవాలు పట్టడం ఒక వికారం. ఆ మూడంగుళాల్లో పెంకు పట్టకపోవడం అంతకన్నా పెద్ద ఇబ్బంది.

గూనపెంకు అయితే ఈ గొడవే ఉండేది కాదు. చేత్తో చేసిన పెంకు, ఒకదానిమీద ఒకటి బోర్లా వెల్లకిలా పడుకుంటుంది. కాస్త ముందుకి జరిపినా వెనక్కి లాగినా సర్దుకుంటుంది. వంకర గోడల మీద వంకర ఇళ్ళు దాని కింద తరాల తరబడి కారకుండా నిలిచాయి. బంగాళా పెంకు సంగతి వేరు. బాసెల్ మిషన్ వాళ్ళు 1860ల్లో మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టి అచ్చుల్లో నొక్కి తీయడం మొదలుపెట్టిన సరుకు అది. కింది పెంకు గాడిలో పై పెంకు అంచు కూర్చోవాలి, పక్క పెంకు పక్క గాడిలో దిగాలి. వరసకీ వరసకీ మధ్య అది ఇచ్చే సందు చాలా కొద్ది. అందుకే మా వడ్రంగి రీపర్లు కొట్టేముందు పెంకుల్ని నేలమీద పేర్చాడు. ఒకసారి దగ్గరగా నొక్కి కొలిచాడు, ఒకసారి వదులుగా లాగి కొలిచాడు, రెంటికీ మధ్య కొలత పెన్సిలుతో కర్రమీద గీశాడు. ఆ తర్వాత ఆ కర్రే టేపు. పెంకు వీపున ఉన్న ఫ్యాక్టరీ ముద్ర కూడా చూశాడు, ఒకరి పెంకు గాడి ఇంకొకరి పెంకుకి సరిగా పడదు కనక.

వెల్డింగు కుర్రాడికి ఇంకో ఆలోచన వచ్చింది. పాతింటి వైపు ట్రస్సుల కొసలు నాలుగంగుళాలు కోసి మళ్ళీ అతికేస్తాను, గంట పని అన్నాడు. ఇక్కడ నాకు తెలియని విషయం ఒకటి తెలిసింది. పూరింటి నిట్రాడ నేలమీద నిలబడి కప్పుని మోస్తుంది. ట్రస్సు నడుమ నిలువు పైపు చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ, అది కొప్పు నుంచి వేలాడుతూ కింది అడ్డ పైపుని పైకి లాగి పట్టుకుంటుంది. ఆ అడ్డ పైపు రెండు వాలు పైపుల్నీ బయటికి జారనీయకుండా బిగబడుతుంది. ఆ బిగువంతా కొసన ఉన్న అతుకులోనే ఉంటుంది. కుర్రాడు కోస్తానన్నది సరిగ్గా దాన్నే.

చివరికి ఇలా జరిగింది. కొప్పు దారం పాతింటికి మూలమట్టంగా లాగారు. అలా లాగితేనే కొత్త వాలు పాత వాలుని కలిసే చోట రెండు రేకు కాలువలూ సమానంగా వస్తాయి. నీళ్ళు పోసిన ప్లాస్టిక్ ట్యూబుతో గోడల తలలు చూసి, పల్లమున్న చోట కాంక్రీటు దిమ్మ పోశారు. ఇటుక పెచ్చులు దూర్చనివ్వలేదు. ఐదు ట్రస్సుల తూర్పు కొసలూ గోడ బయటి అంచుకి సరిగ్గా పెట్టారు. ఆరంగుళాల తేడా మొత్తం పడమటికి, పశువుల పాక వైపుకి పోయింది. అటు మొదటి రెండు ట్రస్సుల కొసలు గోడ దాటి బయటికొచ్చాయి కాబట్టి, గోడ ఆనే చోటు కొస అతుకుకి లోపలగా పడింది. అక్కడ అడ్డ పైపు వంగకుండా దానికీ వాలు పైపుకీ మధ్య జానెడైనా లేని నిలువు ముక్క అతికించారు. కుర్రాడు సణుగుతూనే చేశాడు, పని మాత్రం శుభ్రంగా చేశాడు.

పొడవునా వేసే పైపుల దగ్గర మరో చిన్న తకరారు. బజార్లో 20 అడుగుల పైపని అమ్మేది నిజానికి ఆరు మీటర్లు, అంటే 19 అడుగుల 8 అంగుళాలు. ప్రతి వరసకీ అతుకు తప్పలేదు. ఆ అతుకు ట్రస్సు నెత్తిమీదే పడేలా చూసుకుంటే సరిపోయింది.

చూరు అంచుకి కూడా దారమే కట్టారు. కింద నిలబడి చూస్తే కొప్పు, పెంకు వరసలు, చూరు పలక అన్నీ గీత గీసినట్టున్నాయి. పడమటి గోడ దగ్గరికెళ్ళి తలెత్తితే మాత్రం చూరు ఒక చివర 22 అంగుళాలు ముందుకొచ్చి, రెండో చివర 16 అంగుళాలకే ఆగిపోతుంది. వెడల్పు చూరు కింద పెద్దమ్మ వంటచెరుకు పేర్చుకుంది. ఇరుకు చూరు వైపు కిటికీలోంచి వానజల్లు మంచం మీద పడుతోందని మొన్న ఫోన్లో దెబ్బలాడింది. కిటికీ మీదికి రెండడుగుల రేకు కొట్టమని వడ్రంగికి కబురు పెట్టాం. ఇంకా రాలేదు.