పగడపు దిబ్బ, లేసు పువ్వు

పగడం రాయి కాదు, మొక్కా కాదు. అదొక ప్రాణి. గోరంత కూడా ఉండని వేలాది ప్రాణులు ఒకదాని పక్కన ఒకటి చేరి, తరాల తరబడి గూళ్లు కట్టుకుంటూ పోతే సముద్రంలో పగడపు దిబ్బ తయారవుతుంది. ఈ ప్రాణుల్ని క్రోషియా సూదితో అల్లడం మొదలుపెట్టారు మార్గరెట్ వెర్థైమ్, క్రిస్టీన్ వెర్థైమ్ అనే కవల అక్కచెల్లెళ్లు. ఇద్దరూ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పెరిగారు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన పగడపు దిబ్బల వరస, గ్రేట్ బారియర్ రీఫ్, ఆ రాష్ట్రపు తీరంలోనే ఉంది. మార్గరెట్ సైన్సు రచయిత్రి. క్రిస్టీన్ కళాకారిణి, రచయిత్రి, అధ్యాపకురాలు. సముద్రం వేడెక్కి ఆ దిబ్బలు రంగు కోల్పోయి తెల్లబడిపోతున్నాయన్న దుఃఖంతో 2005లో లాస్ ఏంజెలిస్‌లోని తమ ఇంట్లో ఊలు ముందేసుకుని కూర్చున్నారు. అలా మొదలైన పని ‘క్రోషే కోరల్ రీఫ్’ అన్న పేరుతో 2008లో లండన్‌లోని హేవర్డ్ గ్యాలరీకి, 2010లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సహజ చరిత్ర మ్యూజియానికి, 2019లో వెనిస్ బినాలేకి వెళ్లింది.

ఈ కళాకృతి గురించి స్త్రీవాద విమర్శకులు చాలానే రాశారు. డోనా హారవే 2016లో వచ్చిన ‘స్టేయింగ్ విత్ ద ట్రబుల్’లో దీని గురించి ఎంతో ప్రేమగా చర్చించారు. ఆ ప్రేమ నాకూ ఉంది. దాంతోపాటు ఒక ఇబ్బంది కూడా ఉంది. అదేమిటో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ముందు ప్రేమ సంగతి. క్రోషియా తెలిసినవాళ్లకి ఒక విషయం అనుభవమే. గుండ్రటి లేసు అల్లేటప్పుడు వరస వరసకీ కుట్లు సరైన లెక్కలో పెంచుకుంటూ పోతేనే అది బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. లెక్క తప్పి ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా లేస్తుంది. అల్లేవాళ్ల దృష్టిలో అది తప్పు, విప్పి మళ్లీ అల్లాలి. గణితం దృష్టిలో మాత్రం ఆ కుచ్చిళ్లకి పెద్ద పేరే ఉంది. హైపర్బోలిక్ తలం. పంతొమ్మిదో శతాబ్దంలో లొబచేవ్‌స్కీ, బొయాయ్ కాగితం మీద ఊహించిన జ్యామితి అది. దాన్ని చేత్తో పట్టుకు చూపించడానికి కాగితపు ముక్కలు అతికించి చేసిన నమూనాలు ఇట్టే చిరిగిపోయేవి. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న లాత్వియా గణితవేత్త డైనా టైమినా క్రోషియా సూది తీసుకుని, కుట్లు ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోయి ఆ తలాన్ని అల్లేసింది. పగడాలూ, కొన్ని సముద్రపు నత్తలూ తమ ఒంటిని మలుచుకునేది ఈ ఆకారంలోనే. వెర్థైమ్ సోదరీమణులు టైమినా పద్ధతిని తీసుకున్నారు. కాకపోతే నిష్పత్తి కచ్చితంగా పాటిస్తే వచ్చే ఆకారం మరీ నున్నగా, ప్రాణం లేనట్టుగా ఉందని, కావాలనే లెక్క తప్పడం మొదలుపెట్టారు. అప్పుడు పగడం పగడంలా కనిపించింది.

వంటింటి పక్క గదిలో ఆడవాళ్లు చేసే పనిలో గణితం ఉందని, ‘తప్పు’ అని విప్పేసిన దానిలోనే జీవం ఉందని చూపించిన పని ఇది. చేతి తెలివి, బుర్ర తెలివి అని రెండుగా విడగొట్టి, మొదటిది స్త్రీలకీ రెండోది పురుషులకీ పంచిన పాత లెక్కని ఈ అల్లిక ఎంత తేలిగ్గా విప్పేసిందో చూస్తే ముచ్చటేస్తుంది. అల్లిక అందం దగ్గరే వాళ్లు ఆగిపోలేదు. తమ ఇంట్లో పోగైన ప్లాస్టిక్ చెత్తని ఏళ్ల తరబడి పారేయకుండా దాచి ప్రదర్శనలో పెట్టారు. ప్లాస్టిక్ సంచుల్నీ పాత వీడియో టేపుల్నీ చీల్చి అల్లిన ‘విష దిబ్బ’ చూస్తే మన చెత్తబుట్ట మనకే ఎదురై నిలబడినట్టుంటుంది.

ఇక ఇబ్బంది. ఇద్దరు మొదలుపెట్టిన ఈ పని ఇద్దరితో ఆగలేదు. ఊరూరా వాళ్లు పద్ధతి నేర్పితే, అక్కడి వాళ్లు తమ సొంత దిబ్బని అల్లుకున్నారు. 2022లో జర్మనీలోని బాడెన్-బాడెన్‌లో పెట్టిన ప్రదర్శనకి నాలుగు వేల మంది దాకా అల్లి పంపిన పగడాలు నలభై వేలకు పైనే. పంపినవాళ్లలో అత్యధికులు స్త్రీలే. ఎవరికీ కూలి లేదు, ఎవరూ అడగలేదు కూడా. ఈ సామూహికతని వివరించేటప్పుడు తరచూ వాడే పోలిక పగడపు దిబ్బదే. ఒక్కో స్త్రీ ఒక్కో చిన్న ప్రాణి, అందరూ కలిస్తే దిబ్బ అని.

అందమైన పోలికే. కానీ పగడపు ప్రాణి సాయంత్రం వంట చేయదు. దానికి కళ్లు లాగవు. తన సమయాన్ని అది ఎవరి దగ్గరా అడిగి తెచ్చుకోదు. స్త్రీల శ్రమని ప్రకృతితో పోల్చినప్పుడల్లా నాకు భయమేస్తుంది. ప్రకృతి ఇచ్చేది ఉచితం అనుకునే లోకంలో స్త్రీ ఇచ్చేదీ ఉచితమే అవుతుంది కాబట్టి. ఈ భయం పుస్తకాల్లోంచి వచ్చింది కొంతే, మా అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చింది ఎక్కువ.

మా అమ్మమ్మది నరసాపురం పక్కన చిన్న ఊరు. అక్కడ క్రోషియా అంటే ఎవరికీ తెలియదు, లేసు అంటే అందరికీ తెలుసు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చిన ఆ అల్లికని ముందు నేర్చుకున్నది క్రైస్తవం పుచ్చుకున్న మాల మాదిగ స్త్రీలు. తర్వాత పొలం పనికి వెళ్లడం పరువు తక్కువనుకునే కులాల ఇళ్లలోకి అది బాగా పాకింది. మాదీ అలాంటి ఇల్లే. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ అరుగు మీద కూర్చుని అల్లేది. రాత్రి మేమంతా పడుకున్నాక దీపం దగ్గర మళ్లీ అల్లేది. ఏజెంటు వచ్చి నూలు ఉండలిచ్చి, లేసు పువ్వులు లెక్కపెట్టి తీసుకెళ్లేవాడు. అంచు కుచ్చిళ్లు పడితే పక్కన పడేసేవాడు. ఏం చేస్తున్నారు పెద్దమ్మా అని ఎవరడిగినా ఆవిడ జవాబు ఒకటే: “ఏవుందమ్మా, తీరిగ్గా ఉన్నానని అల్లుకుంటన్నాను.”

ఆ ‘తీరిక’ అన్న మాట మీదే జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఒక పుస్తకం రాసింది. 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో తిరిగి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ ప్రచురించింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్న స్త్రీలని ‘తీరిక వేళ అల్లుకునే గృహిణులు’ అని పిలవడం వల్లే వాళ్ల కూలి అంత తక్కువగా ఉంచగలిగారని ఆమె వాదన. ఆ కూలి, వ్యవసాయ కూలి స్త్రీలకి నిర్ణయించిన కనీస వేతనంలో మూడో వంతు కూడా లేదు. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపే అతుకుపని వాళ్లు వేరు. తమ పువ్వు చివరికి ఏ బల్ల గుడ్డయిందో అల్లినామెకి తెలియదు. వ్యాపారం చేసినవాళ్లు పురుషులు. ఇంటి గడప దాటకపోవడం కుల గౌరవం అనుకున్న మా అమ్మమ్మలాంటి వాళ్లు, ఆ గౌరవానికి తామే రోజూ ఎంత చెల్లిస్తున్నారో లెక్క వేసుకోలేదు. పొలానికి వెళ్లే దళిత స్త్రీని తక్కువగా చూశారు కానీ, ఆమె తనది పని అని చెప్పుకోగలదనీ, కూలి అడగగలదనీ గుర్తించలేదు.

ఇప్పుడు ఈ రెండు అల్లికల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. సూది ఒకటే, కుట్టు ఒకటే. వెర్థైమ్ సోదరీమణుల పక్షాన ఒక మాట చెప్పాలి. పగడాలు పంపినవాళ్ల పేర్లు ప్రదర్శనలో రాయించాలని వాళ్లు పట్టుబట్టారు. మ్యూజియం గోడ మీద వేల పేర్లు కనిపించడం చిన్న విషయం కాదు. నరసాపురం లేసు వందేళ్లకు పైగా దేశదేశాలకి వెళ్లింది, ఒక్క దాని మీదా అల్లినామె పేరు లేదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది, మంచిదే. ఊళ్లో అల్లినవాళ్లకి?

అంటే అక్కడ పేరు ఉంది, కూలి లేదు. ఇక్కడ కూలి ఉంది, అదీ పేరుకి మాత్రమే, పేరు మాత్రం లేదు. బాడెన్-బాడెన్ స్త్రీ దగ్గర తీరిక నిజంగా ఉండి ఉండవచ్చు, ఆమె దాన్ని ఇష్టంగా ఇచ్చి ఉండవచ్చు. నేను కాదనను. కానీ సామూహిక సృజన అని మెచ్చుకునే విమర్శ ఒక్క ప్రశ్న మర్చిపోకూడదు. ఈ సమయం ఎవరిది, ఎక్కడినుంచి మిగిలింది? పేరు ఒక హక్కు, కూలి ఇంకో హక్కు. ఒకటి ఇచ్చి రెండోది ఇచ్చినట్టు సరిపెట్టడం స్త్రీల చేతిపని చరిత్రలో పదే పదే జరిగింది. దిబ్బ పోలిక ఎంత అందంగా ఉంటే ఆ ప్రశ్న అంత తేలిగ్గా జారిపోతుంది.

ఇదంతా రాసే అర్హత నాకుందా అని కూడా అడుగుకోవాలి. నా ఎమ్మే పరీక్ష ఫీజు అమ్మమ్మ లేసు డబ్బుల్లోంచి కట్టాం. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో నా పర్యవేక్షకుల పేరు ఉంది, మూడు గ్రంథాలయాల పేర్లున్నాయి, టైపు చేసిపెట్టిన అబ్బాయి పేరుంది. అమ్మమ్మ గురించి ‘తన ప్రేమతో, ఆశీస్సులతో నన్ను నడిపించిన అమ్మమ్మకి’ అని రాశాను. ప్రేమ అన్నాను, లేసు అనలేదు. ఆశీస్సులు అన్నాను, డబ్బు అనలేదు. స్త్రీల అదృశ్య శ్రమ మీద ఒక అధ్యాయం ఉన్న గ్రంథంలోనే ఈ పని చేశాను. పేరైనా రాయలేదు. అమ్మమ్మ అన్న వరసతో సరిపెట్టాను.

ఆవిడ ఇప్పుడు లేదు. ఆవిడ విప్పకుండా వదిలేసిన ఒక లేసు పువ్వు నా దగ్గర ఉంది. అంచు కుచ్చిళ్లు పడిందని ఏజెంటు పక్కన పడేసినది. వెర్థైమ్ సోదరీమణులకి చూపిస్తే పగడం అంటారేమో. మా ఊళ్లో దాన్ని పాడైన లేసు అన్నారు. ఆ పువ్వు అల్లడానికి ఎన్ని రాత్రులు పట్టిందో ఎవరూ అడగలేదు, నాతో సహా. ఆవిడ పేరు సీతారావమ్మ.