రంగును నమ్మొద్దు

విజయవాడ గుణదల కొండ మెట్ల పక్క గోడల మీద గెంతే సాలీళ్లను ఫోన్‌లో ఫొటో తీసి, "ఇది కొత్త జాతేనా అండీ?" అని అడిగే కుర్రాళ్లంటే నాకు చాలా ఇష్టం. వాళ్లకు నేను ముందుగా చెప్పేది, రంగును నమ్మొద్దని. మన ఇళ్లలో ఈగల్ని పట్టే ప్లెక్సిప్పస్ పేకులీనే చూడండి. మగదానికి నలుపు తెలుపు చారలు, ఆడది గోధుమ రంగు. తెలియనివాళ్లు రెండు జాతులనుకుంటారు. పైగా నిలవ ఉంచడానికి ఆల్కహాల్‌లో వేశాక ఉన్న రంగూ వెలిసిపోతుంది.

జాతిని పట్టిచ్చేవి జననాంగాలు. మగదాని మూతికి రెండు పక్కలా పొట్టి కాళ్లలాంటి పాల్పులుంటాయి. పెద్దయ్యాక వాటి కొసలు ఉబ్బుతాయి. ఎడమ పాల్పును మైక్రోస్కోప్ కింద తిప్పి పెడితే ఉబ్బు అంచున సన్నటి ముల్లు కనబడుతుంది. వీర్యాన్ని ఆడదానికి చేరవేసే ఎంబోలస్ అదే. అది ఎక్కడ మొదలైంది, ఎటు వంగింది, ఉబ్బు వెనక కణుపు మీది కొమ్ము ఒంటిదా, చీలిందా? ఇవన్నీ చూడాలి. ఆడదానికైతే పొట్ట అడుగున ఎపిగైన్ అనే గట్టి పలక. దాన్ని వేరుచేసి లవంగ నూనెలో ఉంచితే లోపలి గొట్టాల మెలికలు తేటపడతాయి. ఆవగింజలో సగం కూడా ఉండని ఆ పలకను చిరగకుండా తీయడానికి చెయ్యి బాగా కుదురుకోవాలి. పిల్ల సాలీళ్లకు ఈ అంగాలింకా ఏర్పడవు, వాటికి పేరు చెప్పడం కష్టం.

చూసింది గీయాలి. గీస్తేనే కన్ను ఒకచోట నిలుస్తుంది. ఆ బొమ్మను 1757 నాటి క్లెర్క్ పుస్తకం మొదలు ఇప్పటిదాకా అచ్చయిన వర్ణనలతో పోల్చాలి. గెంతే సాలీళ్ల కుటుంబంలోనే 6,000కు పైగా జాతులు. ఎక్కడా పోలిక కుదరకపోతేనే కొత్తదనాలి. 2021లో థానే, కల్యాణ్ ప్రాంతం నుంచి వర్ణించిన ఐసియస్ తుకారామికి ముంబై దాడుల్లో ఉగ్రవాది కసబ్‌ను పట్టుకుని అమరుడైన పోలీసు తుకారాం ఓంబ్లే పేరు పెట్టారు. ఆ గౌరవం నిలిచేది వర్ణన గట్టిగా ఉంటేనే.

ఈ పనిలో సాలీడు ప్రాణం తీయక తప్పదు. అందుకే అది ఎక్కడ దొరికిందో రాసే చీటీ విషయంలో నేను రాజీపడను. 1899లో పోకాక్ వర్ణించిన నీలి సాలీడు, గెంతేది కాదు, చెట్టు తొర్రల్లో ఉండే పెద్దది, గుత్తిలో దొరికింది. దాని అసలు చోటు గుత్తి కాదు, రైల్లో వచ్చి ఉంటుందంటారు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. కాబట్టి ఊరు, తేదీ, చెట్టు, పట్టినవారి పేరు పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. ఇంకుతో రాస్తే ఆల్కహాల్‌లో కరిగిపోవచ్చు. ఉత్త విజయవాడ అని సరిపెట్టొద్దు. గుణదల కొండ, తూర్పు వైపు, వేప బెరడు అని రాయండి.