తలరాత ఎవరి చేతిరాత? - ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ ఆటలో కూతుళ్ళ కథ

వీడియో గేమ్ గురించి సాహిత్య పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కథలో పాఠకురాలి స్థానమేమిటన్న విషయం మీద నా పరిశోధన గ్రంథంలో పేజీలకు పేజీలు రాసినదాన్ని. కానీ ఒక రాత్రి కంట్రోలర్ చేతిలో పట్టుకుని, తెర మీద ఒక ఆపరేషన్ బల్ల ముందు ఎటూ కదలకుండా నిలబడిపోయినప్పుడు, నేను రాసినదాంట్లో ఏదో లోటుందని తెలిసింది. కథ నన్నొక హత్య చెయ్యమంటోంది. నేను చెయ్యనంటున్నాను. నేను చెయ్యనంతసేపూ కథ ముందుకు సాగదు.

ఆ ఆట పేరు ‘ది లాస్ట్ ఆఫ్ అస్’. అమెరికాకు చెందిన నాటీ డాగ్ సంస్థ 2013లో విడుదల చేసింది. రచన నీల్ డ్రక్‌మన్‌ది. బ్రూస్ స్ట్రేలీతో కలిసి దర్శకత్వ బాధ్యతా ఆయనే చూశాడు. మెదడుకు పట్టే ఒక రకం బూజు మనుషుల్ని వికృతంగా మార్చేస్తుంది. వ్యవస్థ కూలిపోయిన ఇరవై ఏళ్ళకి, కూతుర్ని పోగొట్టుకుని దొంగసరుకు రవాణా చేసుకుంటూ బతుకుతున్న జోయెల్, ఎల్లీ అనే పద్నాలుగేళ్ళ అమ్మాయిని బోస్టన్ నుంచి దేశంలోపలికి తీసుకువెళ్ళాల్సి వస్తుంది. కాటు పడినా ఆమెకు జబ్బు రాలేదు. ఆమె శరీరం నుంచి మందు తయారుచేయవచ్చునని ‘ఫైర్‌ఫ్లైస్’ అనే తిరుగుబాటు దళం ఆశ.

ఇది ప్రాణాలు కాపాడుకునే ఆట. తూటాలకెప్పుడూ కరువే. పాడుబడ్డ ఇళ్ళ అరల్లో గుడ్డపీలికలు, కత్తెర ముక్కలు, ఆల్కహాల్ సీసాలు ఏరుకుంటూ తిరగాలి. కాస్త గుడ్డా కాస్త ఆల్కహాలూ దొరికితే గాయానికి కట్టు తయారుచేసుకోవచ్చు, లేదా ఎదుటివాళ్ళ మీద విసిరే నిప్పుసీసా చేసుకోవచ్చు. ఉన్న సరుకుతో ఏదో ఒకటే అవుతుంది. ఇలాంటి నిర్ణయాలు అడుగడుగునా ఉంటాయి, అవన్నీ మనవే. ఎవరు చనిపోతారు, ఎవరు ఎవర్ని చంపుతారు, ఎవరు ఎవరికి అబద్ధం చెబుతారు అన్నవి మాత్రం ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. ఎంత నేర్పుగా ఆడినా వాటిని తప్పించలేం. ఈ ఏర్పాటు నాకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. ఇవాళ ఏం కూర వండాలో, చీటీ ఎవరి దగ్గర కట్టాలో మా ఇంట్లో ఆడవాళ్ళ ఇష్టమే. పిల్లను ఎక్కడిదాకా చదివించాలి, పొలం ఎవరి పేర పెట్టాలి అన్నవి మాత్రం ‘అలా జరిగిపోతాయి’.

నవలలో సంఘటనలను మాత్రం మార్చగలమా అని అడగవచ్చు. మార్చలేం. కానీ నవలలో హత్య జరిగితే మనం సాక్షులం. ఇక్కడ బటన్ నొక్కేది మన వేలు. పని మనది, నిర్ణయం మనది కాదు. చేసిన తర్వాత మిగిలే భారం మాత్రం మనదే. ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని చూస్తే, ఆటలో ఒక్కో సమయంలో మన చేతికి ఎవరి శరీరాన్ని ఇచ్చారన్నది కీలకమైన ప్రశ్న అవుతుంది.

మొదట ఇచ్చినది జోయెల్‌ను కాదు, అతని కూతురు సారాను. అర్ధరాత్రి నిద్రలేచి, నాన్న కోసం ఇల్లంతా వెతికే ఆ పిల్లగా మనం నడుస్తాం. కారు ప్రమాదంలో ఆమె కాలు దెబ్బతింటుంది. అక్కడ ఆట మనల్ని ఆమె నుంచి తీసి తండ్రిలో పెడుతుంది. ఆమెను ఎత్తుకుని పరుగెత్తుతాం. పై నుంచి వచ్చిన ఆజ్ఞ మేరకు ఒక సైనికుడు కాలుస్తాడు. సారా చనిపోతుంది. ఎంత వేగంగా పరుగెత్తినా చనిపోతుంది. ఆ తర్వాత కథంతా తండ్రి దుఃఖమే. కొద్దిసేపటి క్రితం ఆమె కళ్ళతో చూసిన మనం కూడా ఆమెను ఒక గాయంగా, ఒక చేతి గడియారంగా మాత్రమే గుర్తుపెట్టుకుంటాం. తర్వాత జోయెల్ సహచరి టెస్ వంతు. తనకు కాటు పడిందని తెలిశాక ఆమె వెనక నిలబడి, వాళ్ళిద్దరూ తప్పించుకునే వ్యవధి కోసం ప్రాణం ఇస్తుంది.

మగవాడి కథ కదలడానికి స్త్రీ చావడం కొత్తేమీ కాదు. అమెరికన్ కామిక్స్‌లో ఇలా బలైపోయిన స్త్రీ పాత్రల జాబితాను 1999లోనే గెయిల్ సిమోన్ తదితరులు తయారుచేశారు. వీడియో గేమ్‌లలో ఈ ధోరణిని అనితా సర్కీసియన్ 2013 నుంచి వరస వీడియోల్లో విశ్లేషించింది. అందుకు ఆమె ఎదుర్కొన్న బెదిరింపులు ఇంతా అంతా కాదు. సారా, టెస్‌ల మరణాలు ‘తప్పనిసరి’ అయింది బూజు వల్ల కాదు. జోయెల్ కథకు అవి అవసరం కనుక.

అయితే ఈ ఆటను అక్కడితో కొట్టిపారేయలేం. శీతకాలం అధ్యాయంలో జోయెల్ తీవ్రంగా గాయపడి పడిపోతే, మన చేతికి ఎల్లీ వస్తుంది. వేటాడేదీ, మందు సంపాదించేదీ, అతన్ని బతికించేదీ ఆమే. మృదువుగా మాట్లాడుతూ దగ్గరైన డేవిడ్ అనే నడివయసు మనిషి ఆమెను బంధిస్తాడు. మంటల్లో తగలబడుతున్న హోటల్‌లో ఆమె అతన్ని తానే చంపుతుంది. జోయెల్ వచ్చేసరికి అంతా అయిపోయింది. వచ్చి పొదివి పట్టుకోవడమే అతను చేయగలిగినది. కాపాడే మగవాడు ఆలస్యంగా రావడం కూడా ఇక్కడ రాసిపెట్టినదే. రాసేవాళ్ళు తలుచుకుంటే రాత మరోలా ఉండగలదనడానికి ఇదొక నిదర్శనం.

ఇక ఆ ఆపరేషన్ బల్ల. సాల్ట్ లేక్ సిటీ ఆసుపత్రిలో ఎల్లీ స్పృహలో లేదు. మందు కావాలంటే ఆమె మెదడులోని బూజును తీయాలి, తీస్తే ఆమె బతకదు. ఫైర్‌ఫ్లైస్ నాయకురాలు మార్లీన్ అందుకు సిద్ధపడింది. ఆమె ఎల్లీ తల్లికి స్నేహితురాలు, పుట్టినప్పటి నుంచీ ఎల్లీని ఎరిగినది. ఒక పిల్ల ప్రాణమా, లోకమా అన్న ధర్మసందేహంగా ఈ ఘట్టాన్ని చాలామంది చర్చించారు. ఆ చర్చలో తరచుగా వెనక్కిపోయే సంగతి ఒకటుంది. ఎల్లీని ఎవరూ అడగలేదు. లోకం కోసం ఆమెను చంపదలచిన స్త్రీ అడగలేదు, ప్రేమ కోసం ఆమెను ఎత్తుకుపోదలచిన మగవాడూ అడగలేదు. మత్తు దిగేదాకా ఆగితే సరిపోయేది. నిర్ణయాధికారం స్త్రీ చేతికి వచ్చినంత మాత్రాన స్త్రీకి న్యాయం జరగదని మార్లీన్ పాత్ర గుర్తుచేస్తుంది.

సర్జన్ చిన్న కత్తి పట్టుకుని అడ్డంగా నిలబడతాడు. పక్కనున్న ఇద్దరు నర్సులను వదిలేయవచ్చు, అది మన ఇష్టం. సర్జన్‌ను వదిలే వీలు లేదు. అతన్ని చంపితేనే దారి. ఆ రాత్రి నేను ఆగింది అక్కడే. చివరికి బటన్ నొక్కాను. ఎల్లీని ఎత్తుకుని పరుగెత్తాను, మొదట్లో సారాను ఎత్తుకుని పరుగెత్తినట్టే. ఈ పరుగు ఇరవై ఏళ్ళ క్రితం ఓడిన తండ్రి తన పాత లెక్క సరిచేసుకోవడమని, ఎల్లీ అందులో ఒక నిమిత్తం మాత్రమేనని అప్పుడు అర్థమైంది. నా ఇష్టాన్ని ఆట పక్కకు నెట్టడం వల్లనే, ఎల్లీ ఇష్టాన్ని వాళ్ళంతా పక్కకు నెట్టారని నాకు తెలిసొచ్చింది. ఎంచుకునే వీలుంటే నేను మంచిదాన్ననుకుని బయటపడేదాన్నేమో.

చివరి అధ్యాయంలో మన చేతికి మళ్ళీ ఎల్లీ వస్తుంది. జోయెల్ ముందు నడుస్తుంటాడు, మనం అతని వీపు చూస్తూ వెనక నడుస్తాం. నీలాంటి వాళ్ళు చాలామంది దొరికారు, మందు దొరకలేదు, వాళ్ళు ప్రయత్నం మానేశారు అని అతను అంతకుముందే అబద్ధం చెప్పి ఉంటాడు. నిజమని ఒట్టేయమంటుందామె. అతను ఒట్టేస్తాడు. ఆమె సరేనంటుంది. ఆట అయిపోతుంది. కూతురి శరీరంలో మొదలైన కథ కూతురి శరీరంలోనే ముగుస్తుంది. మధ్యలో నడిచినదంతా తండ్రి. అబద్ధం చెప్పినవాడి చేతులు ఎంత బరువు మోశాయో మనకు తెలుసు, ఎందుకంటే అవి మన చేతులే. ఇప్పుడు ఆ అబద్ధం వింటున్న చెవులూ మనవే.

ఆ ‘సరే’ నాకు కొత్త కాదు. ఎం.ఎ. చివరి పరీక్షలప్పుడు మా అమ్మమ్మ పోయింది. పరీక్షలు పాడవుతాయని హాస్టల్‌లో ఉన్న నాకు చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా పడుకుందనో, గుడికి వెళ్ళిందనో చెప్పారు. ఆమె గొంతు వినిపించక నాకేదో అనుమానం తగులుతూనే ఉంది. అయినా సరే అన్నాను. అది నమ్మకం కాదు. ఆ క్షణానికి అంతకంటే నిలబడే చోటు లేకపోవడం. ఎల్లీ ‘సరే’ను క్షమాపణగా చదివినవాళ్ళున్నారు, నేను అలా చదవలేను.

2014లో వచ్చిన ‘లెఫ్ట్ బిహైండ్’ అనే అనుబంధ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. ఎల్లీ, ఆమె స్నేహితురాలు రైలీ పాడుబడ్డ షాపింగ్ మాల్‌లో గడిపిన కొన్ని గంటలే ఆ కథ. ముగింపు ముందే తెలుసు. ఇద్దరికీ కాటు పడుతుంది, రైలీ మిగలదు. ఇక్కడ ‘తప్పనిసరి’ని దాచే ప్రయత్నమే లేదు. అందుకే సమయమంతా మరోదానికి మిగులుతుంది. మాస్కులు పెట్టుకోవడం, రంగులరాట్నం ఎక్కడం, నీళ్ళ తుపాకులతో ఆడుకోవడం, ఒక ముద్దు. ఒకచోట ఎల్లీ ఎన్నాళ్ళుగానో ఆడాలనుకున్న ఆట యంత్రం ఉంటుంది, అది పనిచేయదు. రైలీ ఆమెను కళ్ళు మూసుకోమని, ఆట ఎలా సాగుతోందో మాటలతో చెబుతుంది. ఎల్లీ ఊహలో పోరాడుతుంది, మనం ఆమె ముఖాన్ని చూస్తూ బటన్లు నొక్కుతాం. చెడిపోయిన యంత్రం ముందు ఒక ఆడపిల్ల మరో ఆడపిల్ల కోసం కథ అల్లడం! చావును తప్పించలేకపోయినా, దానికి ముందున్న గంటలు ఎవరివో ఇక్కడ ఇద్దరమ్మాయిలే చెప్పుకున్నారు.

2020లో రెండో భాగం వచ్చింది. దాన్ని డ్రక్‌మన్, హేలీ గ్రాస్ కలిసి రాశారు. ఆ సర్జన్‌కు ఆబీ అనే కూతురు ఉందని అందులో తెలుస్తుంది. మనం పేరైనా అడగకుండా చంపిన మనిషి ఒకరి తండ్రి. ఆమె జోయెల్‌ను చంపుతుంది, మనం ఆపలేం. దీనిమీద కొందరు ఆటగాళ్ళు ఎంత రెచ్చిపోయారంటే, ఆబీ పాత్ర పోషించిన నటి లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు పంపారు. సారా చావు కూడా ఇంతే తప్పనిసరి. దాన్ని అందరం గొప్ప ప్రారంభమని మెచ్చుకున్నాం. కూతురు చనిపోతే విషాదం, తండ్రి లాంటి కథానాయకుడు ఒక స్త్రీ చేతిలో చనిపోతే ద్రోహం! సంఘటన తప్పనిసరి కావడం వాళ్ళకు అసలు అభ్యంతరం కాదు. ఎవరికి తప్పనిసరి అయిందన్నదే అభ్యంతరం.

తెలిసిన కథను మార్చకుండానే దాని అర్థాన్ని మార్చడం మనకు తెలియని విద్యేమీ కాదు. ఓల్గా ‘విముక్త’ కథల్లో రాముడు సీతను అడవికి పంపకుండా ఆగడు. కానీ సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది, వాళ్ళతో మాట్లాడుతుంది. జరిగినది జరిగినట్టే ఉంటుంది, దానికి ఇక విధి అన్న పేరు మాత్రం చెల్లదు. ఈ ఆట అంత దూరం వెళ్ళిందని నేననను. తండ్రి దుఃఖానికి ఇచ్చిన చోటు అది కూతుళ్ళ మాటకు ఇవ్వలేదు. కానీ తప్పనిసరి అన్నదాని మీద ఎవరి వేలిముద్ర ఉందో నా వేలి చేతనే నాకు చూపించింది.

ఆట ముగించిన కొన్నాళ్ళకు అమ్మను అడిగాను, అమ్మమ్మ సంగతి నాకెందుకు చెప్పలేదని. ఇన్నేళ్ళలో అడగడం అదే మొదటిసారి. “నీ మంచికే కదే” అంది. కాసేపు ఊరుకుని, “అయినా నన్నెవరు అడిగారు? మీ నాన్నా, మావయ్యలూ అనుకున్నారు, నాకు చెప్పారు. సరే అన్నాను” అంది.