కడీ మీది పంటిగాట్లు

కరీంనగర్ టవర్ సర్కిల్ నుంచి కమాన్ వైపు నడిచేవాళ్ల చూపు దుకాణాల మీదికే పోతుంది. వెండి తీగ పని పెట్టిన అద్దాల ముందు ఆగుతుంది. ఆగాల్సిందే. రెండు సన్నతీగలను మెలిపెట్టి, ఆ మెలికను అణచి, చుట్టలు చుట్టి, వెలిగారంతో అతికే ఆ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని మెచ్చుకునేవాళ్లకు కొదవ లేదు. నాకు మాత్రం ఆ దుకాణాలు దాటాక, మోరీ మీద అడ్డంగా పడేసిన రాతికడీ మీద కన్నుపడుతుంది.

పాత గల్లీల్లో కడీ చేయని పని లేదు. పొలం గట్టున ముళ్లతీగ మోయాల్సిన రాయి ఊళ్లోకొచ్చి బర్రెను కట్టేసే గుంజ అయింది, బీరపాదుకు పందిరి కాలైంది, దర్వాజా ముందు మెట్టైంది, మోరీకి వంతెనైంది. కొత్త కాలనీల్లో ఖాళీ ప్లాట్ల చుట్టూ కాపలా నిలబడ్డవీ ఇవే. ఏదైనా ఒక కడీ దగ్గర ఆగి దాని అంచు చూడండి. పొడవునా ఒకే వరసలో గాట్లుంటాయి, ఎవరో రాయిని కొరికి చీల్చినట్టు. మనకు కనిపించేది ఒక్కో గాటులో సగమే. మిగతా సగం ఇదే బండ నుంచి విడివడ్డ రెండో కడీ మీద ఉంటుంది. అది ఏ ఊళ్లో ఏ కంచెలో నిలబడిందో!

ఈ గాట్లలోనే పనితనమంతా ఉంది. షాబాద్ బండ, తాండూరు నాపరాయి పొరలుపొరలుగా లేస్తాయి. ఇక్కడి గుట్టల రాయికి అలాంటి పొరల్లేవు. సుమారు 250 కోట్ల ఏళ్ల కింద భూమి లోపల కరిగి, నిదానంగా చల్లారి, పలుకులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడ్డ గ్రానైట్ ఇది. పైనుంచి ఎంత బరువైనా మోస్తుంది. అయితే దాని లోపం కూడా బలం పక్కనే ఉంది. నలగ్గొట్టాలంటే ఎంత బలం కావాలో, రెండువైపులా లాగి చీల్చడానికి అందులో పదోవంతు కూడా అక్కర్లేదు. ఈ లెక్కను పుస్తకంలో చదవకుండానే పట్టుకున్నవాళ్లు రాళ్లు కొట్టే వడ్డెర పనివాళ్లు. రాయిని పగలగొట్టబోరు. వరసగా గుంటలు తీసి, వాటిలో ఇనుప చీలలు దిగేసి, రాయి తనంతట తానే విడిపోయేలా చేస్తారు.

చూడ్డానికి తేలిక. ముందు బండ వాటం తెలియాలి. పొర లేకపోయినా రాయికి ఒక పక్క తేలిగ్గా విడిపోయే గుణముంటుంది, మరో పక్క మొండికేస్తుంది. అది సుత్తెతో తట్టి, చిన్న పెచ్చు లేపి చూస్తేగాని బయటపడదు. గుంటలు ఒకే గీత మీద, ఒకే లోతున రావాలి. ఒకటి వంకరపోయిందా, పగులు దాన్ని నమ్మి అటే పోతుంది. చీలలన్నీ నిలిపాక సమ్మెట ఒక్కదాని మీదే పడకూడదు. ఈ చివర నుంచి ఆ చివరకు తలా ఒక దెబ్బ, మళ్లీ మొదటి నుంచి తలా ఒక దెబ్బ. బిగువు పెరిగే కొద్దీ చీల మోగే తీరు మారుతుంది. అది వినడానికి చెవి కావాలి, విన్నాక కొట్టకుండా ఆగడానికి ఓపిక కావాలి. చీలలు బిగిశాక కాసేపు రాయిని దాని మానాన వదిలేస్తే, గుంట నుంచి గుంటకు సన్నటి గీత తనే పాకుతుంది.

గాటు ఆకారాన్ని బట్టి కడీ వయసు కూడా చెప్పొచ్చు. పలకగా, లోతు తక్కువగా ఉంటే ఉలితో చేత్తో తీసిన గుంట. గుండ్రటి గొట్టంలో సగంలా లోతుగా దిగితే అది కంప్రెసర్ తెచ్చిన డ్రిల్లు పని. రెండూ కడీలే, రెండూ నిలబడతాయి. అయినా నా ఓటు పలక గాటుకే. ఆ లోపల వేలుపెట్టి తడిమితే గరుకుగా, పాలిపోయినట్టుగా ఉంటుంది. గ్రానైట్‌లోని పలుగుపలుకు ఉలి ఉక్కు కన్నా గట్టిది. కాబట్టి ఉలి ఈ రాయిని కోయలేదు, పలుకును పొడి చేస్తూ పోతుంది. పొడి చేసే పనిలో తనూ మొద్దుబారుతుంది. అందుకే రాళ్లు కొట్టే చోట ఒక చిన్న కొలిమి తప్పనిసరి. మొన కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచేటప్పుడు రంగు చూసుకోవాలి. ఎక్కువ గట్టిపడితే మొన విరిగిపోతుంది, తక్కువైతే వంగిపోతుంది. మన కంటికి రాతిపనివాడు మాత్రమే కనిపిస్తాడు, ఆయనలో సగం కమ్మరి.

ఈ రాతి మీదే మన భాష కూడా ఒక పెద్ద పని చేసిపెట్టుకుంది. జగిత్యాల దారిలో, గంగాధర దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు శాసనముంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించింది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగులో ఉన్నవి కందపద్యాలు. అందరూ ఛందస్సు గురించి మాట్లాడతారు, సబబే. మరి అక్షరాలు చెక్కిన చేతి సంగతి? మన లిపి అంతా వంపులు. ఉలికి వంపు తిరగడం రాదు, అది చుక్క మాత్రమే పెట్టగలదు. చుక్క పక్కన చుక్క పొడుస్తూ వంపు తేవాలి. ఒక్క పెచ్చు ఎక్కువ లేచినా అతికించడానికి వీల్లేదు. కంద పాదాన్ని కవి దిద్దుకోవచ్చు. చెక్కేవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు ఇక్కడి గుట్టల రాయికి విదేశాల్లోనూ పేరుంది. టాన్ బ్రౌన్ అంటారు. నల్లటి గోధుమరంగు నేల మీద ఎర్రమట్టి రంగు మచ్చలు. వజ్రపు పలుకులు పొదిగిన తీగతో దిమ్మెలు కోసి, పలకలు తీసి, నునుపు పడతారు. కరీంనగర్‌లో కొత్తిల్లు కట్టినవాళ్ల మెట్లకు చాలాచోట్ల ఇదే పరిచి ఉంటుంది. మెరుస్తుంది, వానాకాలం జారుతుంది కూడా. దాని మీద చేతి గుర్తు వెతికితే, మెట్టు అంచును గుండ్రంగా అరగదీసిన చోట తప్ప దొరకదు. ఇక కంచెల దగ్గర కడీల చోటును సిమెంటు స్తంభాలు ఆక్రమిస్తున్నాయి. చవక, సూటిగా ఉంటాయి. లోపలి ఇనుపచువ్వ తుప్పుపట్టి ఉబ్బిందంటే మాత్రం సిమెంటు పెచ్చులూడుతుంది. కడీ లోపల తుప్పుపట్టేదేమీ లేదు.

మోరీ మీది కడీ దగ్గరికి మళ్లీ వస్తే, దాని ఒక పక్క గాట్లు రెండు వరసలున్నాయి. మొదటి వరస నాలుగు గుంటల దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి పగులు పక్కకు తిరిగిన జాడ ఉంది. పనివాడు చీలలు పీకేసి, బండను తిప్పి, ఎదురు పక్క నుంచి కొత్త వరస వేశాడు. వంకర సగాన్ని అలాగే వదిలి మిగతాది సూటిగా దించాడు. పని పాడైన చోటే ఆయన తెలివి ఎక్కువగా తెలుస్తోంది. కంచెకు పనికిరాదని కాబోలు, దీన్ని వంతెనగా వేశారు. పక్కనే చాయ్ బండి. గ్లాసులు పెట్టుకోవడానికి జనం ఆ సూటి సగాన్నే ఎంచుకుంటున్నారు.