ఒక్కడే జొన్న వేస్తే

పత్తి చేన్ల నడుమ ఒక్కడే జొన్న వేస్తే ఏమవుతుందని జనగామ పక్క ఏ రైతునైనా అడగండి, నవ్వుతాడు. ఊళ్లో పిట్టలన్నీ ఆ ఒక్క చేనిమీదే వాలతాయి. మంచె కట్టి వడిసెల తిప్పే ఓపిక ఇప్పుడెవరికుంది? పాత పంటలు మళ్లీ రావాలని పట్నంలో సభలు పెట్టేవాళ్లకు (వాళ్లలో అప్పుడప్పుడు నేనూ ఉంటాను) ఈ పిట్టల సంగతి తట్టదు.

మా వైపు పాత వరుస వేరు. పునాసలో పెసర, అది కోసినంక అదే చేన్ల పచ్చజొన్న, అందులోనే కలిపి అనుములు. పెసర వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తే, వెనక వచ్చే జొన్నకు అది బలం. సొప్ప పశువులకు, పెంట మళ్లీ చేనికి. తిండీ ఆ వరుసనే నడిచేది. సంక్రాంతికి అనపకాయ గుడాలు, ఎండలు ముదిరితే జొన్న గటక. మరిగే ఎసట్లో జొన్న రవ్వ పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. చేయి ఆగిందా, అడుగంటుతుంది. చల్లారినంక మజ్జిగ పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినాలి.

మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ వైపు, భూపాలపల్లి అడవి పల్లెల్లో కోయల పోడు ఇంకో తీరు. అక్కడ పంట కాదు, మనిషే జాగా మారేవాడు. కొన్నేళ్లు పండించిన చెలకను అడవికి వదిలేసేవాడు. రిజర్వు ఫారెస్టు హద్దులు ఆ తిరుగుడును ఆపాయి. 2006 అటవీ హక్కుల చట్టం, 2023లో రాష్ట్రం పంచిన పోడు పట్టాలు భూమికి భరోసా ఇచ్చాయి. న్యాయమే. కానీ భూమి ఒకచోట నిలిచాక పంటైనా మారాలి కదా? చాలాచోట్ల ఏటేటా పత్తే.

పత్తి వేసేవాణ్ని తప్పు పట్టలేం. అమ్ముడుపోయేది అదే, అప్పు పుట్టేదీ దానిమీదే. 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో లద్దెపురుగు పత్తిని ఊడ్చేసి రైతుల ప్రాణాలు తీసినా, పత్తి పోలేదు.

ఒక్కడితో కానిది ఊరంతా కలిస్తే అవుతుంది. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలో ఏనెబావి అందుకే నాకు ముఖ్యం. ఆముదం చేలను తినే ఎర్ర గొంగళి పురుగును మంటలు, దీపాలు పెట్టి పట్టడంతో మొదలై, 2006 నాటికి ఊరు ఊరంతా రసాయన మందులు మానేసింది. ఒక్కరిద్దరు కాదు, ఊరంతా.

చేను సంగతి అది, తిండి సంగతికొస్తే, 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలి తీర్చింది, జొన్నను పళ్లెం నుంచి పక్కకు నెట్టింది. 2025 ఉగాది నుంచి రేషన్లో సన్నబియ్యమే. ఇక కొర్రలు, సామల పొట్టు తీయడమంటే ఆడవాళ్ల రెక్కల కష్టం. దాన్ని మళ్లీ వాళ్ల నెత్తిన పెడతామంటే ఒప్పుకోరు, ఒప్పుకోవద్దు కూడా. మండలానికో చిన్న మర పెట్టి, ఆశ్రమ పాఠశాలలకు ఆ చుట్టుపక్కల పండిన జొన్నలే కొంటే, పదిమంది రైతులు ఒకేసారి జొన్న వేయడానికి ముందుకొస్తారు. పిల్లలకు రోజూ రొట్టెలు కొట్టడం కష్టమంటారా, గటకైనా సరే.