60 ఏండ్ల గోడకు రంగు

దక్షిణాఫ్రికాలో 1999లో వచ్చిన జాతీయ వారసత్వ సంపద చట్టాన్ని మేము ఒక గ్రంథం చదివినట్లే చదివినాము. 60 ఏండ్లు దాటిన కట్టడాన్ని అనుమతి పత్రం లేనిదే సొంతదారు సైతం మార్చరాదు, కూల్చరాదు అంటుంది 34వ సెక్షను. దీనికి మా అభ్యంతరం లేదు. గ్రూప్ ఏరియాస్ చట్టం పేరిట కేటో మేనర్‌లో మనవారి ఇండ్లను కూల్చిన నాడు అడ్డుపడిన చట్టం ఏదీ లేకపోయింది గదా!

మా తగవంతా 'మార్పు' అనే మాటతోనే. ఆ నిర్వచనం ప్రకారం గోడకు గిలాబు చేసినా, రంగు పూసినా మార్పే. ఇంటికి సరే, గుడికి ఎట్లా? కుంభాభిషేకానికి ముందు గోపురానికి రంగులద్దడం మనకు వట్టి మరమ్మతు కాదు, కైంకర్యం. అదే చట్టం ఆచారాలనూ కర్మకాండనూ సజీవ వారసత్వంగా లెక్కించింది కూడా! ఒక నిర్వచనం మరొకదానిని పలకరించినట్లు లేదు.

అట్లని ఆలయ కమిటీలను వెనకేసుకొని రాము. నాటాల్‌లో కిష్టప్ప రెడ్డి తరంవారు కట్టిన గోపురాల మీది ప్రతిమలను చెక్కివేసి మెరిసే సిమెంటు బొమ్మలు నిలిపితే, పోయిన చేతిపని తిరిగి రాదు. రంగు డబ్బా తెరవక ముందే అర్జీ పెట్టండి. అది కైంకర్యమని ఆ అర్జీలోనే వ్రాయండి.